మినుములు వచ్చినాయి

నాకు ఫస్ట్ వచ్చింది. ముందు ఈ మాట చెప్పనివ్వండి, మిగతాదంతా తర్వాత. ఆఫ్రికానా స్టడీస్‌లో, అంటే నల్లజాతి వాళ్ళ చరిత్ర చదువులో, ఆనర్స్ డిగ్రీ, ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. నాన్న ఏడో తరగతి దగ్గర ఆగాడు. అమ్మ పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి వదిలేసింది. రిజల్టు ఫోన్‌లోకి వచ్చినప్పుడు నేను బర్మింగ్‌హామ్‌లో బస్సు పై అంతస్తులో ఉన్నాను. ఒక్క అరుపు అరిచాను. ముందు సీట్లో ముసలాయన తిరిగి చూసి, "ఏమ్మా, లాటరీ తగిలిందా?" అన్నాడు. "డిగ్రీ వచ్చింది" అన్నాను. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ సంతోషంలో నా స్టాపు దాటిపోయింది.

నేను మొదట ఫోన్ చేసింది అమ్మకి కాదు, అమ్మతో పనిచేసే ఘానా ఆంటీకి. "నా పిల్ల గెలిచింది!" అని ఆమె అటువైపు కేకలు పెడుతుంటే నేను నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. ఎందుకంటే ఆ వెంటనే ఆమె అడిగిన మాట ఒకటుంది. "మరి నువ్వు రాసిన పుస్తకం నాకెప్పుడిస్తావు?"

పుస్తకం అంటే నా డిసర్టేషన్, డిగ్రీ కోసం రాసిన పరిశోధన. అందులో ఏముందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది కడప వైపు. నాన్న ఇక్కడ ఒక సౌత్ ఇండియన్ రెస్టారెంట్లో దోసె మాస్టర్. నాకు నాలుగేళ్ళప్పుడు మమ్మల్ని తెచ్చుకున్నాడు. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో చాలాచోట్ల ఒక చాటు మాట ఉంటుంది. నల్లజాతి వాళ్ళ గురించి మాట్లాడాలంటే ఇంగ్లీషు మాట వాడితే పక్కవాళ్ళకి అర్థమైపోతుంది. ‘నల్లోళ్ళు’ అన్నా ఎక్కడో పట్టేస్తారని భయం. అందుకని ఎవరి మాట వాళ్ళు కల్పించుకుంటారు. కార్డిఫ్‌లో మాకు తెలిసిన ఇంట్లో ‘నేరేడుపళ్ళు’ అనేవాళ్ళు. మా ఇంట్లో నాన్న వంటగదిలోంచి వచ్చింది ఆ మాట. మినుములు. పొట్టు తియ్యని మినుములు.

"తలుపెయ్యి పాపా, మినుములు వస్తాండాయి." "బస్సులో మినుములు పక్కన కూర్చున్నాయి." నేను పెరిగింది ఈ మాటల మధ్యే. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. వచ్చింది ఒక్క మనిషే అయినా ‘మినుములు వచ్చినాయి’ అనే అనాలి. మన భాషలో మనుషులు వస్తే ‘వచ్చినారు’, సామాన్లో గొడ్లో వస్తే ‘వచ్చినాయి’. ఇంత చిన్న తేడా. చిన్నప్పుడు నా చెవికి అది తగల్లేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మ ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పనికి చేరింది. అక్కడ సీనియర్ ఘానా ఆంటీ. మంచంలో ఉన్న మనిషిని నొప్పి పుట్టకుండా పక్కకి ఎట్లా తిప్పాలో, షిఫ్టుల పట్టీ, అదే రోటాలో సెలవు ఎట్లా అడగాలో, మేనేజర్ కసిరితే ఎట్లా జవాబివ్వాలో అమ్మకి ఆమే నేర్పింది. అమ్మకి లేట్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో నేను బడి నుంచి నేరుగా ఆంటీ ఫ్లాట్‌కి వెళ్ళేదాన్ని. వేరుశెనగ పులుసు పెట్టేది. హోమ్‌వర్క్ అయ్యాక తన అలమారలోంచి ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టేది. "మీ బడిలో ఇవి చెప్పరు. చదువు." నేను ఈ చదువు చదవడానికి కారణం ఆ అలమార.

ఒకరోజు ఆంటీ మమ్మల్ని కారులో ఇంటికి తీసుకొస్తోంది. ముందు సీట్లో అమ్మ నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఆ, మినుములు నాతోనే ఉండాయి. ఇంటికాడ దింపుతాయంట. నువ్వేం రావాకు." తర్వాత అమ్మ పాల కోసం షాపు దగ్గర దిగింది. ఆంటీ అద్దంలోంచి నన్ను చూసింది.

"మీ అమ్మ నా వంక చూసినప్పుడల్లా ఒక మాటంటుంది. మి-ను-ము-లు. ఏంటది?"

నాకు పన్నెండేళ్ళు. అప్పటికే డాక్టర్ దగ్గర, కౌన్సిల్ ఆఫీసులో, బడిలో, అమ్మ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చేది నేనే. మార్చేటప్పుడు కొంచెం తియ్యగా చెయ్యడం కూడా అలవాటే. అమ్మ కౌన్సిల్ వాళ్ళని తిడితే నేను "ప్లీజ్" అని చెప్పేదాన్ని. ఆ అలవాటులోనే నోరు తెరిచాను.

"అది ముద్దుగా పిలిచే మాట ఆంటీ. డార్లింగ్ లాంటిది."

"మినుములు" అని మెల్లగా అనుకుంది ఆంటీ. "బాగుంది."

అమ్మ పుట్టినరోజుకి కార్డు వచ్చింది. లోపల కింద, ‘ప్రేమతో, నీ మినుములు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో. అమ్మ దాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"ఏందే ఇది? ఎవురు చెప్పినారు ఆయమ్మకి?"

చెప్పాను. అమ్మకి ముందు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత సోఫాలో కూలబడింది.

"ఎంత పని చేసినావే పాపా. ఇప్పుడెట్ల చెప్పేది? చెప్తే రేపట్నుంచి నా మొగం చూస్తాదా ఆయమ్మ? ఆ హోమ్‌లో నాతో కూసోని తినేది ఆయమ్మ ఒక్కతే."

"చెప్పొద్దులే మా."

"నువ్వు గమ్మునుండు. నేనూ గమ్మునుంటా."

అట్లా ఇద్దరం తొమ్మిదేళ్ళు గమ్మునున్నాం. ఈలోగా ఒక వింత జరిగింది. అమ్మ ఆంటీని మొహం మీదే ఆ పేరుతో పిలవడం మొదలెట్టింది. "మినుములూ, టీ?" అని స్టాఫ్ రూమ్‌లో కేకేసేది. ఆ గొంతులో నిజంగానే ముద్దుండేది. ఘానాలో ఆంటీ వాళ్ళమ్మ పోయినప్పుడు అమ్మ తన సెలవు వదులుకుని ఆమె షిఫ్టులు చేసింది. నాకొచ్చిన మూర్ఖపు ఆలోచన ఏంటంటే, నా అబద్ధం నిజమైపోయిందని. కానీ అదే అమ్మ ఇంటికొచ్చి, కింద ఫ్లాట్‌లో కొత్తగా దిగిన వాళ్ళ గురించి, "మినుములు దిగినాయి, పిల్లల్ని ఎక్కువ పెట్టుకోనుండాయి" అనేది.

నేను యూనివర్సిటీకి అప్లై చేసినప్పుడు నాన్న దోసెల పిండి కలుపుతున్నాడు. "ఏం సదువు?" అన్నాడు. చెప్పాను. చెయ్యి ఆగింది.

"మినుముల గురించి సదవను కాలేజీ ఎందుకు? నాకాడికి రా, రోజూ నానబెడతా. ఎన్ని కావాలంటే అన్ని చూడు."

స్టీవెనేజ్ నుంచి వచ్చిన ఇంజినీర్ అంకుల్ ఒకాయన మా ఇంట్లో భోంచేస్తూ, "అది చదివితే ఉద్యోగం ఎక్కడమ్మా, ఆఫ్రికాలోనా?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత నాన్న ఎవరడిగినా "సైకాలజీ" అని చెప్పడం మొదలెట్టాడు.

మా క్లాసులో మేం తొమ్మిదిమంది. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. రెండో సంవత్సరంలో ఒక సెమినార్‌లో ట్యూటర్ తెర మీద బానిస వ్యాపారం నాటి ఓడ సరుకుల పట్టీ ఒకటి చూపించింది. ఏనుగు దంతాలు, మిరియాలు, మైనం, మనుషులు. అన్నీ ఒకే వరసలో, ఒకే చేతిరాత. "రాసినవాడు క్రూరుడని అనుకోకండి. ఇంటికి ఉత్తరాలు రాసుకునే మామూలు మనిషే అయ్యుంటాడు. ఆ వరస అతనికి మామూలుగా అనిపించింది, అంతే" అంది. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నాకు మాత్రం అమ్మ గొంతు వినిపించింది. ఇంటికాడ దింపుతాయంట.

క్లాసు అయ్యాక ట్యూటర్‌కి చెప్పాను. ‘వచ్చినారు’, ‘వచ్చినాయి’ రెండూ బోర్డు మీద రాసి చూపించాను. ఆమె చూసి, "నీ డిసర్టేషన్ ఇదే" అంది.

రాశాను. అమ్మని రికార్డ్ చేశాను. అనుమతి ఫారం మీద సంతకం పెట్టించుకున్నాను. సంతకం పెడుతూ అమ్మ, "ఆయమ్మకి తెలీదు కదా?" అంది. "తెలీదు మా." "తెలిస్తే నేనింక హోమ్‌కి పోలేను పాపా." ఆంటీ దగ్గర ఏ ఫారం తీసుకోలేదు. ఇంటర్వ్యూ చేస్తేనే ఫారం. నా జ్ఞాపకంలో ఉన్నదానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఫారంలో దానికి గడే లేదు. కారులో అద్దంలోంచి అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, పుట్టినరోజు కార్డు, అన్నీ పెట్టాను. ఆమెకి ‘పార్టిసిపెంట్ టూ’, అంటే పరిశోధనలో పాల్గొన్న రెండో మనిషి, అని పేరు పెట్టాను. మార్కులు వేసినవాళ్ళు ఆ అధ్యాయాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నాకు ఫస్ట్ వచ్చింది దానికే.

గ్రాడ్యుయేషన్‌కి రెండు టికెట్లిచ్చారు. నాన్న లంచ్ షిఫ్ట్ ఉందన్నాడు. మార్చుకోవచ్చు, మార్చుకోలేదు. "మీయమ్మ వస్తాది కదా" అన్నాడు. రెండో టికెట్ ఆంటీకిచ్చాను. పొద్దున్నే మా ఇంటికొచ్చి, తన దేశపు చారల బట్ట ఒకటి నా గౌను మీద మెడ చుట్టూ వేసి, పిన్ను పెట్టింది. హాల్లో నన్ను పిలిచినప్పుడు అందరి చప్పట్ల మీదుగా ఆంటీ కేక వినిపించింది. పక్కనే అమ్మ రెండు చేతులూ ఎత్తి మరీ కొడుతోంది. ఆ నిమిషం నిజంగా చాలా గొప్పగా ఉంది. అబద్ధం చెప్పను.

తర్వాత పక్కన కాఫీ షాపులో కూర్చున్నాం. అమ్మ బాత్రూమ్‌కి వెళ్ళింది. ఆంటీ చెయ్యి చాపింది.

"ఇంక ఇవ్వు. ఇవాళ కూడా మర్చిపోయానంటే కుదరదు."

బౌండ్ చేసిన కాపీ నా సంచిలోనే ఉంది. బయటికి తీశాను కానీ చేతిలోంచి వదల్లేదు. "ఆంటీ, ముందు ఒకటి చెప్పాలి. మినుములు అంటే..."

"నల్లటి పప్పు" అంది ఆంటీ.

పుస్తకం బల్ల మీద పెట్టాను.

"మీ అమ్మ వంటింట్లో ప్యాకెట్ మీద ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో, కింద అర్థంతో సహా. నువ్వు కాలేజీలో చేరిన ఏడాది చూశాను."

"మరి ఇన్నాళ్ళూ..."

"మీ అమ్మ సంగతి నాకు పెద్ద లెక్క కాదు. నేను స్నానం చేయిస్తుంటే నన్ను అంతకన్నా పెద్ద మాటలనే ముసలివాళ్ళు ఆ హోమ్‌లో ఉన్నారు. మీ అమ్మ నాకోసం షిఫ్టులు చేసింది. అది కూడా నిజమే." కప్పు పక్కకి జరిపింది. "కానీ ఆరోజు మీ అమ్మని అడక్కుండా నిన్నెందుకడిగానో తెలుసా? పిల్లవి కదా, అబద్ధం చెప్పవనుకున్నాను."

అమ్మ వచ్చి కూర్చుంది. మా ఇద్దరి మొహాలూ, బల్ల మీద పుస్తకమూ చూసి ఆమెకి అర్థమైపోయింది. వచ్చిన ఇంగ్లీషులో, "సారీ. బ్యాడ్ వర్డ్. వెరీ సారీ" అంది. ఆ తర్వాత, అలవాటు మీద, బతిమాలుతున్నట్టు, "మినుములూ..." అంది.

ఆంటీ కళ్ళు మూసుకుంది. "నా పేరుతో పిలువు" అంది.

అమ్మ పెదవులు కదిలాయి. ప్రతి వారం రోటాలో తన పేరు కిందే ఉండే పేరు. ఇన్నేళ్ళల్లో ఒక్కసారీ నోటితో అనలేదు. మొదటి అక్షరం దగ్గరే తడబడింది. రెండోసారి ఇంకేదో పేరు వచ్చింది.

ఆంటీ బల్ల మీది పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. "పార్టిసిపెంట్ టూ. ఇది నేనేనా?"

"అవును ఆంటీ. పేర్లు రాయకూడదు, రూల్."

"సరే. ఇక్కడా లేదన్నమాట" అంది. కోటు వేసుకుంది. వచ్చేటప్పుడు ఆమె కారులో ముగ్గురం వచ్చాం. ఆమె తాళాలు తీసుకుని, "మీరు బస్సులో వెళ్ళండి. నాకు కాసేపు ఒంటరిగా ఉండాలనుంది" అని వెళ్ళిపోయింది. పుస్తకం తీసుకెళ్ళింది. ఆ చారల బట్ట నా మెడలోనే ఉండిపోయింది.

ఇక్కడ కూడా ఆమె పేరు రాయడం లేదు. ఈసారి రూల్ కాదు. అడగలేదు కాబట్టి.

ఇది జరిగి రెండు వారాలు. నాన్న రెస్టారెంట్లో కస్టమర్లకి కూడా "మా పాపకి ఫస్ట్ క్లాస్" అని చెప్తున్నాడట. ఏం చదువో చెప్తున్నాడో లేదో తెలీదు. నాకు మాస్టర్స్‌లో సీటు వచ్చింది, అదీ ఆంటీకే ముందు చెప్పాలనిపించింది. ఫోన్ తియ్యలేదు. అమ్మ రోటా కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది. గిన్నెలు తోముతూ ఆ పేరు నేర్చుకుంటోంది. "ఇట్లనా పాపా? ఇట్లనా?" అని అడుగుతుంది. సరిదిద్దుతాను. ఇప్పుడు దాదాపు వచ్చేసింది.

నిన్న సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. స్టాఫ్ రూమ్‌లో ఒక్కతే తిన్నదట. "రోటాలో పేరుండాది పాపా" అంది. "చూసినా చూసినా, రాలేదు."

ఎవరని అడగలేదు. నాకు ఫస్ట్ తెచ్చిన తేడా ఆ మాటలో ఎక్కడుందా అని వెతికాను. లేదు. మనుషులు రాకపోయినా రాలేదు, సరుకు రాకపోయినా రాలేదు.