సున్నం లొట్టి

మా బావ నడుము కొలత నా టేపుకంటే ముందు ఆయన మోకుకు తెలిసేది. మోకంటే తాటిచెట్టు ఎక్కేవాళ్లు చెట్టునూ తమ నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. దాని మీద వెనక్కి వాలి, పాదాలతో చెట్టును తొక్కిపట్టి, తాడును పైకి జరుపుకుంటూ ఎక్కుతారు. మనిషి లావైతే మోకు పొట్టిదవుతుంది. వెనక్కి వాలడానికి జాగా ఉండదు, చెట్టుకు అంటుకుపోయి ఎక్కాలి. అట్లా ఎక్కినవాడు ఒకనాటికి జారతాడు. పొడుగు మోకు చేయించుకోవచ్చు కదా అంటే, చేయించుకున్నాడు. కాళ్లనైతే కొత్తవి చేయించుకోలేడు కదా!

పేరు పెద్దులు. మా అక్క అండాలును చేసుకున్ననాడు మాత్రం ఈతబరిగెలా ఉన్నాడు. "పేరుకే పెద్దులు, మనిషి చిన్నులు" అని నేను పెళ్లి పందిట్లోనే నవ్వాను. మరదలి మాటకు కోపం తెచ్చుకునే రకం కాదు. "చెట్టుకు సన్నపోడే గావాలె పిల్లా, లావుగుంటె ఎద్దుల బండి తోలుకుంట" అన్నాడు. నకిరేకల్ దాటి కాస్త లోపలికి పోతే వాళ్ల ఊరు. వాళ్ల నాయిన ఇచ్చిన మోకుతో ఆయన ఎక్కుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేవాళ్లు. నేను నకిరేకల్‌లో కుట్టుమిషన్ పెట్టుకున్నాక ఆయన అంగీలన్నీ నేనే కుట్టాను. బావ అని ఊరికే కుట్టలేదు, ప్రతి అంగీకి ఒక ఎగతాళి మాట అని కుట్టాను.

గీసేవాడు ఏ చెట్టు కల్లు ఎట్లుందో రుచి చూడాల్సిందే. రుచి చూడడం గుటకైంది, గుటక లొట్టెడైంది, అంటే చెట్టుకు కట్టే కుండ నిండా. తెలంగాణ వచ్చిన ఏడాదో మరుసటేడో, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తాగి ఎక్కి పట్టు తప్పాడు. మోకు నడుముకు బిగుసుకుని తలకిందులుగా వేలాడాడు. నలుగురు ఎక్కి దించేదాకా మా అక్క కింద నిలబడి అరుస్తూనే ఉంది. మర్నాడు గీసేవాళ్ల దేవుడు కాటమయ్య గుడి దగ్గరికి రెక్క పట్టి తీసుకుపోయి, ఇక కల్లు ముట్టనని ఒట్టు పెట్టించింది.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఇక చెట్టెక్కి కల్లు గీసేవాడు తాగడంలేదంటే ఊరు నమ్ముతుందా? నమ్మలేదు. కానీ నిజంగానే తాగలేదు. రుచి చూసే పని కూడా అక్కే చేసేది. నాలుక చివర పెట్టుకుని ఉమ్మేసేది.

తిప్పలంతా పొద్దుగూకే వేళ. ఆ గడియకు బావకు కాలు నిలిచేది కాదు, చేతులు వణికేవి, ఉన్నచోట ఉండలేకపోయేవాడు. ఒకరోజు అక్క బెల్లం ముక్క నోట్లో పెట్టింది. కాస్త నిమ్మళించాడు. బెల్లం ముక్క పల్లిపట్టీ అయింది, పల్లిపట్టీ జిలేబీ అయింది. నకిరేకల్ నుంచి ఎవరు వస్తున్నా పొట్లం కట్టించుకు రావాల్సిందే. నేనూ తీసుకుపోయాను. ఆ జిలేబీ పొట్లం కోసం బావ చిన్నపిల్లాడిలా గుమ్మంలో కూర్చునేవాడు. "తిననియ్యే. తీపి తిన్నోడు ఒళ్లు మరిచి యాడ్నో పడిపోడు గద" అని అక్క సంబరపడేది. నాకూ సంబరంగానే ఉండేది, ఆ ఇంట్లో మళ్లీ నవ్వు వినబడుతున్నందుకు. అంగీల కుట్లు విప్పి వదులు చేస్తూ పోయాను. చివరికి వదులు చేయడానికి లోపల బట్ట మిగల్లేదు. నాయిన ఇచ్చిన మోకు గోడకెక్కింది, కొత్తది పొడుగ్గా వచ్చింది.

నిరుడు చెట్టు సగంలో ఆయాసం వచ్చి ఆగిపోతున్నాడని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. షుగరు అంచు మీద ఉంది, మోకాళ్లు అరుగుతున్నాయి, బరువు తగ్గాలి, తీపి బంద్ అన్నాడు డాక్టరు. లేకుంటే చెట్టు బంద్. "చెట్టు బంద్ జేసి నేనేం జెయ్యాలె సారూ?" అని బావ అడిగాడట. తీపి సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు.

అక్క చెవికి ఎక్కింది. బెల్లం, చక్కెర, పల్లిపట్టీల డబ్బా, అన్నీ పక్కింట్లో పెట్టేసింది. చాయ్ కూడా ఉత్తదే. మళ్లీ పొద్దుగూకే వేళ వచ్చేసరికి ఇల్లు ఇరుకయ్యేది. బావ వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగేవాడు. కూరలో ఉప్పు లేదని పళ్లెం తోసేవాడు, ఉప్పు ఉండేది. పక్కింట్లో పాయసం వాసన వస్తే దుప్పటి ముసుగేసేవాడు. ఒకరోజు అక్క నా మిషన్ పక్కన కూలబడింది.

"తీపి పెడితే బరువుకు చెట్టు మీదికెల్లి పడ్తడు. పెట్టకుంటె మల్ల తాగి పడ్తడు. నేనేం జెయ్యాలె కరుణా?"

దారి తోచనప్పుడు నాకు కోపం వస్తుంది. "నీ మొగడు పాలు తాగే పిలగాడా? ఆ మాత్రం నోరు కట్టుకోలేడా?" అని అరిచాను. కల్లు దగ్గర నీ కళ్ల ముందే కట్టుకోలేదా, ఇంకెంత కట్టుకోవాలి అంది అక్క. ఏడ్చింది. నేను దారం తెగ్గొట్టి మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

తర్వాత కొన్నాళ్లకు బావకు కొత్తగా కుట్టిన అంగీ కూడా నా దగ్గరికి వచ్చింది, చంకల కింద వదులు చేయమని. ఇంట్లో చక్కెర పలుకు లేదు, ఈయన సన్నబడాలి కదా! తిరగేసి చూస్తే ఛాతీ మీద తెల్లటి మరకలు, గీకితే పొడి రాలుతోంది. సున్నం. బావ ఆకు వక్క నమలడు. అక్కకు ఫోన్ చేసి, "బావ ఇంటికి సున్నం గిట్ల ఏస్తున్నడా?" అని నవ్వుతూ అడిగాను.

అక్క నవ్వలేదు. గీసేవాళ్ల ఇంట్లో బతికింది కాబట్టి చప్పున అర్థమైంది. లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కడితే అందులోకి కారే తాటి నీరా పులవదు. నిషా ఉండదు, చెరుకురసంలా తియ్యగా ఉంటుంది. పిల్లలకు కూడా పోస్తారు. బావ ఏదో ఒక చెట్టుకు సున్నం లొట్టి కట్టి, పొద్దున్నే పైన కూర్చుని తాగేస్తున్నాడు. అది కల్లు కాదు, ఒట్టు తప్పలేదు. జిలేబీ కాదు, డాక్టరు మాటా తప్పలేదు. దేవునికీ డాక్టరుకూ మధ్యలో దూరిపోయాడు మా బావ. పైన ఆకాశం తప్ప చూసేవాళ్లు ఎవరు?

"నిలదీయే" అన్నాను.

"నిలదీస్తె సిగ్గుకు తాగుడు మొదలుపెడ్తడు" అంది అక్క. "సున్నం డబ్బ దాస్త. సున్నం లేకుంటె అది కల్లైతది. కల్లైతే ఆయన ముట్టడు, కాటమయ్య మీద ఒట్టున్నది."

నాకూ అది సబబుగానే తోచింది.

ఆ సాయంత్రం బావ సున్నం డబ్బా కోసం ఇల్లంతా వెతికాడట. ఎక్కడుందని అడగలేదు. అడిగితే ఎందుకని అక్క అడుగుతుంది. ఉత్త లొట్టే కట్టి వచ్చాడు.

మర్నాడు ఆదివారం. కుట్టిన అంగీ తీసుకుని పొద్దున్నే వెళ్లాను. అక్క బిందె పట్టుకుని చెట్ల దగ్గరికి పోతుంటే వెంట నడిచాను. అన్ని చెట్లూ అయిపోయినట్టున్నాయి, బావ చివరి చెట్టు మీద ఉన్నాడు. కదలడంలేదు. "ఓ గౌడా" అని అక్క పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. పైనుంచి సన్నగా వచ్చింది గొంతు.

"అండాలూ, కండ్లు తిరుగుతున్నయే. కాళ్లు నాయి గానట్టున్నయి."

చుట్టుపక్కల మనిషి లేడు. తిట్లు నోటిదాకా వచ్చాయి. అక్క నా చేయి గట్టిగా పట్టుకుని, బిందె కింద పెట్టి, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది.

"ఏం గాదు. కిందికి సూడకు. మోకు జర దించు. ఆఁ, గట్ల. పొద్దుగూకంగ గరిజెలు జేస్త. ఎడమ కాలు దించు. కొబ్బరి, నువ్వులు నిండుగ పెడ్త. కుడికాలు. మోకు దించు. మలీద జేయాల్నా? నెయ్యేసి జేస్త. ఆగు, ఊపిరి దీస్కో. కరుణ జిలేబీ తెచ్చింది, ఏడి మీదున్నది. దించు కాలు."

నేనేం తేలేదు. "అవును బావా, తెచ్చిన" అన్నాను. ఆయన తాటిమాను గీతల మీద పాదం ఆనించుకుంటూ, ఒక్కో మిఠాయి పేరుకు ఒక్కో అడుగు దిగాడు. ఇన్నాళ్లూ ఇంట్లో పలకనివ్వని పేర్లన్నీ అక్క వరసగా పలికింది. పేర్లు అయిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పింది.

నేల తగిలాక బావ చెట్టుకు తల ఆనించి కూర్చుండిపోయాడు. మూతి దగ్గర పులుపు వాసన. "తొలి గుటకకే ఎరకైందే పుల్లగుందని" అన్నాడు. "గప్పటికే నోట్ల ఉండె. లొట్టంత అయినంకనే ఆగిన." ఇక ఏడుపు ఆగలేదు ఆయనకు. అక్కకూ అప్పుడే వచ్చింది. "సున్నం నేనే దాచిన" అంది. ఆయన తలెత్తి చూశాడు. కోపం లేదు. నడుముకున్న మోకు తానే విప్పి అక్క ఒళ్లో పెట్టాడు.

"ఇగ నేనెక్కను. నా మీద నాకే నమ్మకం లేదు."

ఆ సాయంత్రం అక్క మాట తప్పకుండా గరిజెలు చేసింది. బావ ఒకటి చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, పళ్లెంలో పెట్టేశాడు. "గివి దింటె గా చెట్టే యాదికొస్తది" అన్నాడు. ఆనాటి నుంచి తీపి ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, దాచలేదు. చెట్లు ఆయన పాలోళ్లు, అన్నదమ్ముల వరసవాళ్లు, గీసుకుంటున్నారు. బావ నకిరేకల్ దగ్గర రైస్‌మిల్లు గేటు కాడ వాచ్‌మన్. పొద్దున నడిచి వస్తాడు, పొద్దుగూకితే నడిచి పోతాడు. అంగీలు మళ్లీ నా దగ్గరికి వస్తున్నాయి, ఈసారి బిగించమని. "పెద్దులు మల్ల చిన్నులైండు" అని ఒకసారి అన్నాను. నవ్వాడు గానీ మునుపటిలా తిరిగి ఏమీ అనలేదు. ఆ పూటంతా నా మీద నాకే చిరాకేసింది.

మొన్న దసరాకు వెళ్లాను. పనిముట్లకు పూజ చేసే రోజు కదా, కత్తులు కడిగి బొట్లు పెట్టారు. నాయిన ఇచ్చిన పాత మోకును గోడమీది నుంచి దించి, దుమ్ము దులిపి, బావ దాన్ని ఇంటి నడిమి కంబానికి చుట్టి, తన నడుముకు వేసుకుని ముడి వేశాడు. మెల్లగా వెనక్కి వాలాడు. మోకు ఆయన్ని మోసింది, ఇంకా జానెడు వదులు కూడా ఉంది. పాదం ఎత్తి కంబానికి ఆనించి పైకి చూశాడు. పైన ఇంటి వాసాలే ఉన్నాయి.

"సరిపోతాందే అండాలూ" అన్నాడు.

అక్క కుంకుమ పళ్లెం కింద పెట్టింది. దగ్గరికి వెళ్లి ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆయన విప్పనిచ్చాడు.