మూడు దుకాణాల మందు

చైనాలోని షౌగ్వాంగ్ పాలీహౌసుల రైతుల్లో లువాన్ జూశియాంగ్ అంత అనుమానపు మనిషి మరొకరు లేరు. గుడ్డు కొంటే చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తుంది. కూరగాయల లారీ తోలే మొగుడు దారిలోంచి ఫోన్ చేస్తే, వెనక హారన్లు వినిపిస్తే గాని లారీలో ఉన్నాడని నమ్మదు. అలాంటి మనిషికి పురుగుమందు కొనడం ఎంత నరకమో మీరే ఆలోచించండి. ఆవిడ దృష్టిలో అమ్మేవాళ్లందరూ దొంగలే, అమ్మేదంతా నకిలీయే.

ఆ చలికాలం కీరదోస తీగలకు తెల్లదోమ పట్టింది. జూశియాంగ్ మూడు దుకాణాలు తిరిగి, మూడు పేర్ల మందు పొట్లాలు కొని, మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేసింది. రెండు నకిలీవైనా ఒకటన్నా అసలుది కాకపోతుందా అని ఆవిడ ధీమా.

దోమ చాలావరకు చచ్చింది. దాని వెనకే తీగలూ చచ్చేలా ఉన్నాయి. ఆకుల అంచులు మాడాయి, చివుళ్లు ముడుచుకుపోయాయి, పువ్వులు విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఆ శీతాకాలానికి ఇంటికున్న పంట అదొక్కటే. పక్క పాలీహౌసు సుయ్ దెమావ్ మొన్న ఆవిడ నీటి గొట్టం దగ్గర వంగి కనిపించిన సంగతి జూశియాంగ్‌కి గుర్తొచ్చింది. ఇంకేం కావాలి? పొద్దున్నే మార్కెట్లో పదిమంది ముందు అతన్ని కడిగేసింది.

"నా నీళ్లలో ఏం కలిపావురా పాపిష్టోడా?"

సాయంత్రం దెమావ్ తనే ఆవిడ పాలీహౌసుకు వచ్చి, ఆకులు తిప్పి చూసి, మూల పడి ఉన్న ఖాళీ పొట్లాలు తీశాడు.

"వదినా, ఇవి మూడూ కలిపే కొట్టావా?"

"కొడితే? నీకెందుకు?"

"పేర్లు మూడు గానీ లోపల మందు ఒకటే. కింద చిన్నక్షరాలు చూడు. మూడింతలు పోశావు. నీ ఖర్మ కొద్దీ మూడూ అసలువే!"

జూశియాంగ్ పొట్లాలు లాక్కుని మూడింటి మీదా చిన్నక్షరాలు చదివింది. జీవితంలో ఒక్కసారి ఎవరూ మోసం చెయ్యకపోతే కొంప మునిగింది.

దెమావ్ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "ఇది పురుగుమందు కాదు. మొదట ఆవజాతి పూల పుప్పొడిలో దొరికిందంట. మొక్క ఒంట్లో ఉండే హార్మోనే. ఒంటికెక్కిన విషాన్ని మొక్క తనే విరగ్గొట్టుకునేలా తట్టి లేపుద్ది. ముందు మంచినీళ్లతో ఆకులు కడుగు, తర్వాత ఇది కొట్టు. ఒక్క పొట్లమే. ఎక్కువేస్తే ఇదీ చెరుపే."

"హార్మోనా! ఆ కాయలు తిన్న పిల్లలకి మీసాలు రావడానికా?"

"నీకు రానంతవరకు పర్లేదులే వదినా."

ఆవిడ నవ్వలేదు. "పొద్దున నేను అన్ని తిట్లు తిట్టానా, ఇప్పుడు మందు పట్టుకొచ్చావు. ఇందులో నీకేంటి లాభం?"

దెమావ్ బుర్ర గోక్కున్నాడు. "నీ తీగలు చస్తే మిగిలిన దోమ ఎక్కడికి పోద్ది? పక్కనున్న నా దాంట్లోకే గదా."

"అదీ అసలు సంగతి!" అంది జూశియాంగ్. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. తన స్వార్థం కోసం వచ్చినవాణ్ణి నమ్మొచ్చు. ఆకులు కడిగింది, మందు కొట్టింది. రెండో పొట్లం కోసం ఇంకో దుకాణానికి పోదామని కాళ్లు లాగినా ఆగింది.

మాడిన ఆకులు మాడినట్టే ఉన్నాయి. కొన్ని తీగలు పీకేయాల్సి వచ్చింది. కానీ మిగతావాటికి చివుళ్లు ముడత విప్పుకుని సాగాయి, పిందెలు నిలిచాయి. కోత తీసిన రోజు జూశియాంగ్ ఒక బుట్టెడు కాయలు పట్టుకుని దెమావ్ పాలీహౌసుకు వెళ్లింది.

తలుపు తియ్యగానే ఘాటు గుప్పుమంది. లోపలంతా వెల్లుల్లి వాసన వేసే జ్యుచాయ్ ఆకుకూర మడులే. ఏళ్లుగా అతను వేసేది అదే. కంగారులో ఆ మాటే ఆవిడకు తట్టలేదు.

"దెమావ్, జ్యుచాయ్ మీద తెల్లదోమ వాలదు గదా?"

"వాలదు."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పావు?"

"ఊరికే ఇస్తున్నానంటే ఆ మందు కొట్టేదానివా వదినా?"

జూశియాంగ్‌కి ఏడుపొచ్చింది.

"కొట్టేదాన్ని కాదు," అంది.