ఎర్ర చుక్కలు దిద్దని ఫొటో

సత్తెనపల్లి షారోన్ స్టూడియో ఫొటోగ్రాఫరు సంతోషకుమారి పేరు చెబితే, సినిమా తారలతో కొట్లు తెరిపించే గుంటూరు బట్టల వ్యాపారులు ఇప్పటికీ ఒక మాట అంటారు: "సినిమావాళ్లు తిట్టనిది ఆవిడొక్కదాన్నే." అది నిజం కాదు. వాళ్లు ఆమెను కూడా శుభ్రంగా తిట్టేవాళ్లు. ఆ తిట్లు మనసుకు ఎక్కించుకోకుండా, ఈ మనిషికి ఎక్కడ గుచ్చుకుంటోందా అని ఆమె వెతికేది.

2003 ఫిబ్రవరిలో ఒక హీరో మిర్చి యార్డు దగ్గర మోటారు సైకిళ్ల షోరూము తెరవడానికి వచ్చాడు. యార్డులో లారీలకు లారీలు కాయ దిగుతున్న రోజులు. నల్ల కళ్లద్దాలు తియ్యమన్న పాపానికి ముగ్గురు ఫొటోగ్రాఫర్లను నోటికొచ్చినట్టు కడిగిపారేశాడు. జనం మదమన్నారు, పొగరన్నారు. ఆ ఘాటులో పుట్టి పెరిగిన మనకు తెలియదు గానీ, పాపం ఆ మనిషి కళ్లు అద్దాల వెనక వాచిపోయి ధారలు కారుతున్నాయి. సంతోషకుమారి అద్దాల కిందుగా కారుతున్న నీళ్లు చూసింది. చేతిరుమాలు మంచినీళ్లలో తడిపి ఇచ్చి, లోపలి గదిలో ఫ్యాను కింద పావుగంట కూర్చోబెట్టమని షాపువాళ్లకు చెప్పింది. ఆ తర్వాత ఆయన అద్దాలు తీసి, ఆమె ఎటు తిరగమంటే అటు తిరిగాడు.

అలాగని ప్రతి మొరటు మాట వెనకా ఒక కన్నీటి కథ ఉంటుందని ఆమె అనదు. ఒక నిర్మాత కొడుకు గురించి అడిగితే, "వాడికి ఏ నొప్పీ లేదండి, బలుపంతే," అని తేల్చేసింది. కాకపోతే అలాంటివాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో అంటుంది. ఈ లెక్క ఆమెకు పుస్తకాల్లో దొరకలేదు. గోనుగుంట బుల్లయ్య అనే నాటకాల రాజు దగ్గర, నిండు సభలో మాట పడి నేర్చుకుంది.

షారోన్ స్టూడియో ఆమె నాన్న దేవసహాయం పెట్టింది. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయేనాటికి సంతోషకుమారికి ఇరవై రెండేళ్లు. కెమెరా ఆమె చేతికొచ్చింది కానీ గిరాకీ రాలేదు. ఆడపిల్ల ఫొటో తీస్తే తలకాయలు తెగుతాయని ఊళ్లో ఒక హాస్యం. చివరికి మసీదు వీధి నసీమున్నీసా వచ్చి, మగవాళ్ల కెమెరా ముందు కూర్చోవడానికి ఒప్పుకోని తమ ఇంటి ఆడవాళ్లందరినీ ఫొటో తియ్యమని అడిగింది. ఆ ఒక్క ఫొటోతో ఊళ్లో ఆడవాళ్ల పనంతా ఆమెదైంది. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, పెళ్లికూతుళ్లు. కూడుకూ గుడ్డకూ లోటు లేదు. కానీ సభలకూ, నాటకాలకూ, ఎడ్లపందేలకూ మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. "ఆడవాళ్ల ఫొటోలమ్మాయి" అని పేరు పడిపోయింది. ఆ మాట వినపడ్డప్పుడల్లా సంతోషకుమారికి ఒళ్లు మండేది.

1998లో, పత్తి తీతలు అయిపోవచ్చిన రోజుల్లో, జిన్నింగు మిల్లు అంకమ్మరావు స్టూడియో మెట్లెక్కాడు. ఆయన ఊళ్లో కళాసమితికి కార్యదర్శి. ఉగాదికి బుల్లయ్యకు ఘనసన్మానం తలపెట్టారు. పద్యం ఎత్తుకుంటే అద్దంకి నుంచి మాచర్ల దాకా జనం ఎడ్లబళ్ల మీద వచ్చిన మనిషి ఆయన. వేదిక మీద నిలువెత్తు ఫొటో ఆవిష్కరించాలని సమితి కోరిక. చిక్కల్లా ఏమిటంటే, బుల్లయ్యకు మూడేళ్లుగా ఒక్క మంచి ఫొటో లేదు. కెమెరా కనపడితే చాలు, కారాలు మిరియాలు నూరతాడు. గుంటూరు నుంచి వచ్చిన ఒకతని కెమెరా పట్టీ తెంపేశాడు. ఇంకొకతను తెర లేవకముందే పారిపోయాడు.

"మగవాళ్లెవరూ రామంటున్నారమ్మాయ్," అన్నాడు అంకమ్మరావు. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో చూడండి. "ఆడకూతురివి కదా, నిన్నేమీ అనడులే."

సంతోషకుమారికి అది గౌరవమో అవమానమో తెలిసినా, తెలియనట్టే తలూపింది. ఈ ఒక్క ఫొటో వేదిక మీదికెక్కితే ఆ పాత పేరు పోతుంది. ఎక్కకపోతే జన్మంతా సీమంతాలే.

ఆ వారమే ఊళ్లో బుల్లయ్య నాటకం, హైస్కూలు ఆవరణలో, సాయంత్రం ఏడింటికి. ఆమె మొదటి వరసలో కూర్చుంది. బుల్లయ్య రాజు వేషంలో నడిచొచ్చి మైకు ముందు నిలబడి పద్యం అందుకున్నాడు. రాగం పైకి పోయి పోయి, ఇక ఆకాశమే మిగిలింది అన్నచోట ఆమె ఫ్లాష్ కొట్టింది.

రాగం తెగిపోయింది. బుల్లయ్య చెయ్యి సింహాసనం కోసం చాపితే జానెడు దూరంలో గాలి తగిలింది. ఒక అడుగు పక్కకు పడి, కాలు హార్మోనియం బల్లకు కొట్టుకుంది. కళ్లు చిట్లించి చూశాడు, మరుక్షణం మైకులో గొంతు ఉరిమింది.

"ఎవరది పిడుగులేస్తున్నది? ఆడకూతురివా? పేరంటాళ్ల ఫొటోలు తీసుకోక ఇక్కడ నీకేం పనమ్మా? ముందు బయటికి నడువు."

రెండు వేల మంది నవ్వారు. కొందరు ఈలలు కూడా వేశారు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని ఆ నవ్వుల మధ్య నుంచి గేటు దాకా నడిచింది. ఇంటికి వెళ్లి ఏడ్చింది. ఏడుపు దిగాక కోపం వచ్చింది, ఆ కోపం మాత్రం దిగలేదు. నలభై ఏళ్లు ధర్మం గురించి పద్యాలు పాడినవాడికి ఒక ఆడపిల్లతో మాట్లాడటం చేతకాలేదని తిట్టుకుంది.

మూడో రోజు గుంటూరు కలర్ ల్యాబు నుంచి బస్సులో ప్రింట్లు వచ్చాయి. కట్టలో అన్నిటికన్నా పైన బుల్లయ్య ఫొటో ఉంది. ఫ్లాష్ తిన్నగా కళ్లలో పడితే కనుపాపల్లో ఎర్ర చుక్కలు రావడం మామూలే. ప్రతి స్టూడియోలో సన్నటి కుంచెతో నల్ల ఇంకు పెట్టి వాటిని దిద్దేస్తారు. సంతోషకుమారి అలవాటుగా కుంచె తీసింది, ఫొటో దగ్గరికి లాక్కుంది, ఆగిపోయింది.

కుడి కంట్లో ఎర్ర చుక్క ఉంది. ఎడమ కంట్లో ఉన్నది తెల్ల చుక్క.

అలాంటి తెల్ల చుక్కలు ఆమెకు కొత్త కావు. అంతకుముందు ఏడాది చర్చివాళ్లు పెట్టిన కంటి శిబిరంలో నూటయాభై మంది ముసలివాళ్లకు చీటీల మీద అంటించే ఫొటోలు తీసింది. శుక్లం ముదిరిన కన్ను ఫ్లాష్‌కి అలాగే తెల్లగా మెరుస్తుంది. జానెడు దూరంలో తప్పిన చెయ్యీ, బల్లకు కొట్టుకున్న కాలూ ఆమె కళ్లముందు మళ్లీ కదిలాయి. ఉన్నది ఒక్క కన్ను. ఆ కంట్లోకే తాను పిడుగు వేసింది.

"ఏంటమ్మా అట్టా చూస్తున్నావు?" అన్నాడు మంచం మీంచి దేవసహాయం.

"ఏమీ లేదు నాన్నా," అని ఆ ప్రింటును బోర్లించింది.

జాలి వెంటనే వచ్చిందనుకునేరు. రాలేదు. ముందు వచ్చింది కసి. ఆ ఫొటో తీసుకెళ్లి అంకమ్మరావు చేతిలో పెడితే చాలు. రాజుగారికి కన్ను లేదని రెండు రోజుల్లో చుట్టుపక్కల జిల్లాలన్నీ చెప్పుకుంటాయి. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె అదే ఆలోచించింది. మూడో రోజు ప్రింటూ నెగెటివూ ఒక కవర్లో పెట్టి సొరుగుకు తాళం వేసింది.

"ఇక వదిలెయ్యమ్మాయ్. పాత ఫొటోయే పెద్దది చేయిద్దాం," అన్నాడు అంకమ్మరావు.

"శనివారం అద్దంకిలో ఆయన నాటకం ఉందండి. ఇంకొక్కసారి చూస్తాను."

"మళ్లీ తిట్టించుకుంటావా?"

"తిట్టించుకుంటే నేనేగా," అంది.

అద్దంకిలో ఆమె ఆయన కుడి పక్కకు, మంచి కంటికి కనపడేలా కూర్చుంది. ఫ్లాష్ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. స్టేజీ మీద ఉన్నవి రెండే రెండు ఫోకస్ లైట్లు. ఆ వెలుగులో ఫ్లాష్ లేకుండా తియ్యాలంటే కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచాలి, ఆ కాసేపూ ఎదుటి మనిషి కదలకూడదు. నాటకంలో కదలని మనిషి ఎక్కడ దొరుకుతాడు? దొరుకుతాడు. పద్యం చివర రాగం నిలబెట్టినప్పుడు బుల్లయ్య కుడి చెయ్యెత్తి కొయ్యబొమ్మలా ఆగిపోతాడు. మొదటిసారి ఆమె కెమెరా ముట్టుకోలేదు. వేళ్లతో లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చింది.

అనుకున్నట్టే జనం లేచి "వన్స్ మోర్" అని అరిచారు. మా వైపు నాటకాల్లో అది శాసనం. రాజు చనిపోతున్నా సరే, లేచి పద్యం మళ్లీ పాడాల్సిందే. బుల్లయ్య మళ్లీ అందుకున్నాడు. ఆమె కెమెరా ఎత్తింది. రాగం నిలబడింది, చెయ్యి లేచింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి పూలదండతో స్టేజీ ఎక్కి, తన వెడల్పాటి వీపుతో రాజును మొత్తం కప్పేశాడు.

చప్పట్లు మోగాయి. జనం కూర్చున్నారు. హార్మోనియం తర్వాతి పద్యానికి మారబోతోంది.

సంతోషకుమారి చర్చిలో కూడా గొంతు పెంచి పాడే మనిషి కాదు. ఆ పూట మాత్రం లేచి నిలబడి, గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి "వన్స్ మోర్" అని అరిచింది. ఒక్క ఆడగొంతు. మగవాళ్లంతా తలలు తిప్పారు. బుల్లయ్య కూడా తిప్పాడు. ఆమెను చూశాడు, ఊడదీసి చేతిలో పట్టుకున్న ఫ్లాష్‌నీ చూశాడు. తర్వాత హార్మోనియం వైపు చెయ్యి ఊపి, ఆ పద్యాన్నే మూడోసారి ఎత్తుకున్నాడు. చివర్లో రాగాన్ని ఆమె కూర్చున్న వైపుకే తిరిగి నిలబెట్టాడు. ఏడు కాదు, పన్నెండు దాకా నిలబెట్టాడు.

ఆ ఫొటోయే ఉగాది నాడు వేదిక మీద తెర తొలగగానే కనపడింది. కిరీటం కింద నుదుటి మీద చెమట, గొంతు మీద ఉబ్బిన నరం, ఎత్తిన చెయ్యి. బుల్లయ్య దాని దగ్గరికంటా వెళ్లి, మొహంలో మొహం పెట్టి చూసి, వెనక్కి వచ్చాడు. మైకులో అంకమ్మరావు, "ఈ ఫొటో తీసినవారు మన షారోన్ స్టూడియో సంతోషకుమారి గారు," అన్నాడు. ఆ చివరి రెండక్షరాలు ఆ ఊళ్లో ఆమె పేరు పక్కన చేరడం అదే మొదలు. మనుషులు కుర్చీలో మోసుకొచ్చిన దేవసహాయం ఎడం చేత్తో ఒంటిచేతి చప్పట్లు తొడమీద కొడుతూ ఏడ్చాడు. ఆమెకు గర్వంగా అనిపించింది. గర్వం పాపమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా, ఆ పూట ఆ పాపం కడుపునిండా చేసింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియో ముందు ఆటో ఆగింది. బుల్లయ్య ఒక్కడే దిగాడు. మెట్టుకు ముందు ఆగి, కాలితో తడిమి ఎక్కాడు.

"అద్దంకిలో అరిచింది నువ్వేగా?"

"నేనేనండి."

"ఫ్లాషెందుకు ఊడదీశావు?"

ఆమె సొరుగు తాళం తీసి కవరు ఆయన ముందు పెట్టింది. ఆయన ఫొటోను ముక్కు దాకా తెచ్చుకుని కుడి కంటితో చూశాడు.

"ఎవరెవరు చూశారు దీన్ని?"

"నేనేనండి. ల్యాబువాళ్లకి రోజుకి వెయ్యి మొహాలు, వాళ్లు చూడరు. నెగెటివ్ కూడా అందులోనే ఉంది. మీరే ఉంచుకోండి."

"నిన్ను అంత మాటన్నాను. దీన్ని అంకమ్మరావుకిస్తే సరిపోయేదిగా?"

"ఇద్దామనే అనుకున్నానండి, రెండు రోజులు."

బుల్లయ్య నవ్వాడు. వేషం లేనప్పుడు ఆయన గొంతు చాలా చిన్నది.

"మూడేళ్లయిందమ్మా పోయి. సింహాసనానికి నాలుగడుగులు, మైకుకి ఏడు. లెక్క పెట్టుకుని తిరుగుతా. లైటు కొడితే ఉన్న కన్నూ చీకటైపోద్ది, లెక్క తప్పిపోద్ది. పడితే నవ్వుతారు. తిడితే భయపడతారు. గుడ్డివాడికి ఎవడిస్తాడు నాటకం? అందుకని తిట్టడం నేర్చుకున్నా."

"కన్ను పోలేదండి, అది శుక్లం. మా శిబిరంలో తీయించుకున్న ముసలమ్మలు నెల తిరక్కుండా బియ్యంలో రాళ్లేరుకుంటున్నారు."

ఆయన కవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. థ్యాంక్సూ లేదు, క్షమాపణా లేదు.

వానలు పడి మిరప నారు పోస్తున్న రోజుల్లో మళ్లీ వచ్చాడు. ఈసారి మెట్టు దగ్గర ఆగలేదు. తిన్నగా లోపలికొచ్చి, తెర ముందున్న స్టూలు మీద కూర్చుని, కండువా సర్దుకున్నాడు.

"ఫ్లాష్ పెట్టమ్మా."

"పగటి వెలుతురు చాలండి."

"పెట్టమంటున్నానా."

ఆమె పెట్టింది. కొట్టింది. ఆయన రెప్ప వెయ్యలేదు.

ప్రింటు వచ్చాక చూస్తే రెండు కళ్లలోనూ ఎర్ర చుక్కలే, రెండు గురివింద గింజల్లా. సంతోషకుమారి కుంచె పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఎంతమంది తారలను తీసినా, స్టూడియో గోడకు వేలాడింది ఆ ఒక్క ఫొటోయే. వచ్చినవాళ్లు ప్రతిసారీ అడుగుతారు, ఇంత పేరున్న ఫొటోగ్రాఫరువి, ఆ ఎర్ర చుక్కలు దిద్దకుండా వదిలేశావేంటని.

"అవి దిద్దేవి కాదండి," అంటుంది, కుర్చీ చూపిస్తూ.