మొదట కనిపెట్టినవారి పేరు

సరిచేసింది కోడ్‌లో రెండే రెండు వరుసలు. హోసూరులో మా కంపెనీ తయారుచేసే యంత్రాలన్నిటినీ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నెల్ గుండెకాయ. అందులో ఒక గుణకారం తప్పింది. బయటినుంచి వచ్చే రికార్డుల సంఖ్యను ఒక్కో రికార్డు సైజుతో గుణించి, అంత మెమరీ తీసుకోవాలి. రెండూ మరీ పెద్దవైతే జవాబు దానికిచ్చిన చోటులో పట్టదు. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాకు తిరిగినట్టు, చిన్న సంఖ్యగా మారిపోతుంది. దాన్నే ఓవర్‌ఫ్లో అంటాం. కెర్నెల్ ఆ చిన్న సంఖ్యను నమ్మి కాస్త మెమరీయే తీసుకుని, అందులో బండెడు డేటా కుమ్మరిస్తుంది. తెలిసినవాడెవడైనా ఆ సందులోంచి దూరి యంత్రాన్ని చేజిక్కించుకోవచ్చు. గుణించే ముందే జవాబు ఆ చోటులో పడుతుందో లేదో చూసుకునేలా మార్చాను. అరగంట పని.

ఆ కోడ్ రాసింది నేనే. అందుకు పెద్దగా సిగ్గుపడలేదు. ఇన్నేళ్ళుగా రాస్తున్నవాడికి ఒక తప్పు రాదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చిక్కంతా తర్వాత వచ్చింది. ఇలాంటి లోపాన్ని మూసినప్పుడు, దాన్ని మొదట కనిపెట్టినవారి పేరు ఆ మార్పు గురించి విడుదల చేసే నోట్‌లో రాయడం మా దగ్గర పద్ధతి. అందుకు వాళ్ళ సంతకం కావాలి. వాళ్ళు లేకపోతే ఇంట్లోవాళ్ళది. ఈసారి పట్టుకున్నది టెస్టింగ్‌వాళ్ళే కదా అనుకుంటూనే, ఎందుకైనా మంచిదని, నా కోడ్ చదివి తోటివాళ్ళు రాసిన పాత రివ్యూలు తెరిచాను.

నా కోడ్ కింద ఒకే ఒక ప్రశ్న ఉంది. అప్పట్లో మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "సార్, రెండూ పెద్ద నంబర్లయితే గుణించినప్పుడు జవాబు పడుతుందా?" దాని కింద నా జవాబు: "అన్ని రికార్డులు మీ ఊరి సంతలో కూడా దొరకవమ్మా." ఆ కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళు ఆమె మాతోనే పనిచేసింది. ఆ రెండేళ్ళ రివ్యూలన్నీ వెతికాను. ఇంకో ప్రశ్న లేదు. ప్రతిచోటా "సరే సార్" అనే ఉంది. కిందటేడు జబ్బుచేసి పోయిందని తెలిసినప్పుడు, పాపం అనుకుని టీ తాగి మళ్ళీ పనిలో పడ్డాను. ఆ రోజు అలా ఉండగలిగినందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆమె ఊరు ఉద్దనపల్లి వెళ్ళాను. ఆమె తల్లి వాకిట్లో కూర్చుని పగిలిన టమాటాలు ఏరి పక్కన పడేస్తోంది. ఫలానా అని చెప్పగానే చేతులు చీరకు తుడుచుకుని కుర్చీ వేసింది.

"కూర్చోండప్పా. మా పాప పోయినాక ఆఫీసునించి ఎవరూ రాలేదు. మీరే వచ్చినారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వచ్చిన పని చెప్పాను. మీ అమ్మాయే ముందుగా ఆ తప్పు కనిపెట్టింది, ఆమె పేరు వేస్తాం, మీరొక సంతకం పెట్టాలి అన్నాను. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను పట్టుకుని ఆగింది.

"అది అడిగింది ఎప్పుడో కదప్పా. ఇన్ని దినాలు ఎందుకు సరి చేయలేదు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నేనే చేయలేదమ్మా. ఎగతాళి చేసినాను. అందరూ నవ్వినారు."

ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బడిలో నేర్చిన తమిళంలో సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చింది.

"ఆడ ఏమడిగినా నవ్వుతారమ్మా, నాకు తెలివి లేదేమో అని ఏడ్చిందప్పా ఒకసారి. నేనూ అట్లే అనుకున్నాను. పెద్ద చదువులోళ్ళు నవ్వినారంటే, దీనికే తెలీదేమో అనుకున్నాను. ఊరికే నోరు మూసుకుని ఉండమ్మా అని నేనే చెప్పినాను."