స్వరూపను గెస్ట్‌గా పెట్టింది నేనే

మీకు ఈ సంగతి చెప్పి ఏం సాధిస్తానో నాకే తెలియదు. కొన్నేళ్ళుగా మోస్తున్నాను. బరువు అనడానికి కూడా మొహమాటంగా ఉంది, ఎందుకంటే చేసిన పని చూస్తే గోరంత. ఒక మనిషి పేరు పక్కన ఒక మాట పెట్టాను. తర్వాత ఆ మాట తీసేసి ఇంకో మాట పెట్టాను. అంతే. ఎవరి గొంతూ కోయలేదు. అలాగని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెప్పుకున్న ప్రతిసారీ, అంత చిన్నదే అయితే ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్న వస్తుంది.

మీరెవరో తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెడితే రెండో మాటకే నన్ను నేను వెనకేసుకొస్తాను. ఆ విద్యలో ఆరితేరినదాన్ని.

ఎల్బీ నగర్‌లో ఒక చిన్న ఇంటీరియర్ల కంపెనీలో పనిచేస్తున్నాను. వంటగదులు, అల్మరాలు, పాత ఇళ్ళకు మార్పులూ చేర్పులూ చేస్తాం. మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆఫీసులో నా ఉద్యోగానికి ఫలానా అని పేరు లేదు. ఫోన్లు, జీతాలు, కార్పెంటర్లతో గొడవలు, టీ పొడి, అన్నీ నావే. ‘మేడం లేకుంటే ఈ ఆఫీసే లేదు’ అని మా సార్ నలుగురిలో అంటూ ఉండేవారు. ఆ ఒక్క మాట చాలు నాకు, పండగ బోనస్ కూడా అక్కర్లేదు అన్నట్టు బతికాను. నవ్వుకోండి, పర్వాలేదు.

అప్పట్లో మా పనులన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే నడిచేవి. ఏ ఇంటి కొలత ఏ గ్రూపులో ఉందో వెతకడానికే సగం పూట పోయేది. సార్ ఎవరో చెప్పారని ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. డ్రాయింగులు, పనులు, ఇంటివాళ్ళు రాసే మాటలు, అన్నీ అందులోనే. అయితే ఎవరికి ఏది కనపడాలో, ఎవరు ఏది మార్చవచ్చో ముందే పెట్టాలి. డబ్బు కట్టి కొన్న సీట్లు కొన్నే ఉంటాయి. సీటు ఉన్నవాళ్ళకు పేజీ అంతా కనిపిస్తుంది. మిగతావాళ్ళను గెస్ట్‌లుగా పెట్టుకోవచ్చు. వాళ్ళకు మనం ఇచ్చిన పని, దాని డ్రాయింగు, అంతవరకే కనిపిస్తాయి. ఇంటివాళ్ళు రాసుకున్నవి కనిపించవు. ఈ ఏర్పాట్లన్నీ సార్ నాకు అప్పజెప్పారు. వీడియోలు చూసి అరకొరగా నేర్చుకున్నాను. సగం అర్థమైంది, సగం అర్థమైనట్టు తలూపాను.

పని ఎవరికుందో చూసి సీటు ఇవ్వాలి కదా? మేం అలా చేయలేదు. పెళ్ళిలో ముందు వరస కుర్చీలు వేసినట్టు వేశాం. ముందు సార్. తర్వాత నేను. సైట్ ఇంజనీరు, అకౌంట్స్ చూసే ఆయన, ఆఖరి సీటు మా డిజైనర్ స్వరూపకు. అంతా సర్దుకుంది అనుకునే లోపు సార్ వాళ్ళ బావగారు మేడ మీద నుంచి దిగారు. ఆఫీసు ఆయన బిల్డింగులోనే ఉంది. పనిలో ఆయనకు ఏ సంబంధమూ లేదు, మర్యాద కోసం గెస్ట్‌గా చేర్చాం. తన పేరు పక్కన ఆ మాట చూశారు. “నా బిల్డింగుల కూసొని నన్నే సుట్టాన్ని చేసిన్రా?” అన్నారు. సార్ తల పట్టుకున్నారు. ఆయనకో సీటు ఇచ్చేయమన్నారు, లేకపోతే అక్క ఇంట్లో లొల్లి అవుతుందన్నారు. ఎవరిది తీయాలని అడిగితే, మీ ఇష్టం మేడం అని వెళ్ళిపోయారు.

నా ఇష్టం.

స్వరూపది తీశాను. ఆమెను గెస్ట్ చేశాను. ఆమె ఆ పేజీలు ఇంకా తెరవనే లేదు కాబట్టి తేడా తెలియలేదు, నేనూ చెప్పలేదు. అసలు పేజీ మొత్తం చూడాల్సిన మనిషే ఆమె. అది నాకు తెలుసా? తెలియదనే అనుకుంటాను. గెస్ట్‌కు డ్రాయింగులు కనపడతాయి, ఆమెకు కావాల్సింది అవే కదా అనుకున్నట్టు గుర్తు. మరి ఇంటివాళ్ళ మాటలు కనపడవని వీడియోలో విన్నానే? విన్నాను. ఆ నిమిషంలో గుర్తు రాలేదా, గుర్తొచ్చినా పక్కకు నెట్టానా? ఇంకోటి కూడా ఉంది. నా సీటు నేను వదులుకోవచ్చు. సార్ పాస్‌వర్డ్ పెట్టింది నేనే, ఆయన లాగిన్‌తో నా పనంతా అయిపోయేది. ఆ ఆలోచన అప్పుడు రానే లేదు. ఎందుకు రాలేదు? దాని గురించి ఆలోచించడం మొదలుపెడితే ఇప్పటికీ వంట మాడిపోతుంది.

స్వరూప గురించి చెప్పాలి. పేరు మార్చాను. వాళ్ళది పోచంపల్లి వైపు, తాతల కాలం దాకా మగ్గాలు. నాన్నకూ బాబాయికీ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. డిజైను చదువుకుని మా దగ్గర చేరింది. ఆ పిల్ల కన్ను ఎలాంటిదంటే, గదిలోకి అడుగుపెట్టగానే పలక ఎక్కడ నూలుపోగంత పక్కకు పోయిందో చెప్పేసేది. టేపు పెట్టి చూస్తే నిజమే అయ్యేది. నన్ను అక్కా అనేది. నా ‘అండీ’లను వెక్కిరించేది, నేను దాని ‘గట్ల’లను వెక్కిరించేదాన్ని. దాని డబ్బాలో సర్వపిండి ఉంటే సగం నాదే. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. ఇది అబద్ధం కాదు. అయితే సార్ మెల్లగా ఏ విషయమైనా ‘స్వరూపను అడగండి’ అనడం మొదలుపెట్టారు. నాకు చురుక్కుమనేది. అదీ అబద్ధం కాదు. రెండూ ఒకే కడుపులో ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

మీర్‌పేట్‌లో ఒక ఇల్లు ఒప్పుకున్నాం. ఆ ఇంటి పెద్దావిడ జారిపడి నడవలేని స్థితికి వచ్చింది. కూతురు చూసుకుంటోంది. ఇల్లు బాగు చేయిస్తూ, మధ్యలో ఆ కూతురు పేజీలో ఒక మాట రాసింది, అమ్మ చక్రాల కుర్చీ లోపలికి వెళ్ళేలా బాత్రూం తలుపు వెడల్పు చేయమని. నేను చూశాను. సరే అన్నట్టు బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను. ఇంజనీరూ చూశాడు. డిజైనర్ చూసుకుంటుందిలే అని ఇద్దరం ఊరుకున్నాం. డిజైనర్‌కు అది కనపడదని నాకు ఆ క్షణాన గుర్తుందా లేదా? ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను. లేదనే అనిపిస్తుంది. అలా అనిపించడం నాకు లాభం కాబట్టి నమ్మలేకపోతున్నాను.

స్వరూప పాత కొలతతోనే డ్రాయింగు ఇచ్చింది. గోడ లేచింది, టైల్స్ అతికాయి, తలుపు బిగించారు. కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చుట్టాల ముందు ఆ పెద్దావిడ తలుపు ముందు అలాగే కూర్చుండిపోయిందట. మళ్ళీ గోడ పగలగొట్టి కట్టేదాకా ఆ కూతురు తల్లిని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ తల్లీకూతుళ్ళకు కూడా నేను బాకీ ఉన్నాను. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కుర్చీ ఆగిపోయిన ఆ రోజు సార్, స్వరూప ఆ ఇంట్లోనే ఉన్నారు. సార్ అక్కడి నుంచే ఫోన్ చేశారు. ఆ కూతురు రాసిన మాట తన ఫోన్లో ఉంది, స్వరూప తనకు రాలేదంటోంది, ఇప్పుడే ఆఫీసుకు వస్తున్నాం, ఆమె కంప్యూటర్‌లో నేనే చూస్తాను అన్నారు. ఫోన్ పెట్టేశారు. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆ పేజీ తెరిచాను. స్వరూప పేరు పక్కన గెస్ట్ అని ఉంది.

మీర్‌పేట్ నుంచి మా ఆఫీసుకు ఎంత సేపని? ఆలోచించడానికి సమయం లేదని చెప్పాలనిపిస్తోంది. ఉంది. బోలెడంత ఉంది. సాగర్ రింగ్ రోడ్ దగ్గర ట్రాఫిక్ కూడా ఉండి ఉంటుంది. బావగారు ఆ సీటులో ఒక్కసారి కూడా లోపలికి రాలేదని అప్పుడే చూశాను. ఆయన్ను తీసేసి స్వరూపను పెట్టాను. నా చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే బాగుండేది. తర్వాత లేచి వాళ్ళకోసం మంచినీళ్ళ సీసాలు నింపి పెట్టాను.

వచ్చారు. స్వరూప నిలబడే తన కంప్యూటర్ తెరిచింది. ఆ ఇంటి పేజీలో, పక్కన, ఆ కూతురి మాట స్పష్టంగా ఉంది. దాని కింద నా బొటనవేలు.

“ఇది నాకు లేకుండె సార్,” అంది.

“లేకుంటే ఇప్పుడెట్ల వచ్చింది? ఎగిరొచ్చిందా?”

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు. రక్షించే మనిషి దొరికినట్టు తిరిగింది.

“అక్కా, మీరు చెప్పున్రి. అందరిది పెట్టింది మీరే కదా. ఇది నాకు మొదటి సంది కనవడుతున్నదా?”

“కనపడుతోంది స్వరూపా. మొదట్నుంచీ ఉంది. పని హడావిడిలో నువ్వే గమనించలేదేమో.”

“గట్లనా?”

కంప్యూటర్ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ కంప్యూటర్ వైపు చూసింది. “మీరు చెప్తున్నరంటే ఉండే ఉంటది. నేనే చూస్కోలేదేమో,” అంది.

తను వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే నేను ఒప్పుకునేదాన్నేమో అని కూడా తర్వాత అనుకున్నాను. ఇదీ ఒక తెలివే, తప్పు ఆ అమ్మాయి మీదికే నెట్టడం. తను నన్ను నమ్మింది. తన కళ్ళ కంటే నన్ను ఎక్కువ నమ్మింది. నేను తేలు కుట్టిన దొంగలా సీసాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

సార్ ఉద్యోగం తీసేయలేదు. రెండు మాటలన్నారు, అంతటితో వదిలేశారు. వదలనిది స్వరూప. ఆ తర్వాత ప్రతి కొలతా మళ్ళీ మళ్ళీ చూసుకునేది. చూసి, ఇంజనీరును పిలిచి చదివించేది, ఆయన లేకపోతే నన్ను పిలిచేది. ‘అక్కా, ఇక్కడ ఏమున్నదో జర చదువున్రి’ అనేది, తాను సరిగ్గా చదివిందో లేదో సరిచూసుకోవడానికి. నేను చదివేదాన్ని. ఒకరోజు కళ్ళు చూపించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్దాం రమ్మంది. వెళ్ళాను. వెళ్ళాను, చూడండి! కళ్ళజోళ్ళ దుకాణంలో పక్కనే కుర్చీలో కూర్చుని, ఆమె ఒక్కో అక్షరం తప్పు లేకుండా చదువుతుంటే విన్నాను. చిట్టచివరి వరస దాకా చదివింది. బయటికొచ్చాక మొహం పాలిపోయి ఉంది. “కళ్ళు మంచిగనే ఉన్నయంట అక్కా. మరి నాకేమైంది?” అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. రోడ్డు మీద, బస్సుల మధ్య, అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. చెరకురసం తాగుదామా అన్నాను.

కొన్నాళ్ళకు మానేసింది. ఇంట్లోవాళ్ళు దుకాణం చూసుకోమంటున్నారని చెప్పింది. మొన్నామధ్య ఆ వీధిలో వెళ్తుంటే అద్దాల్లోంచి కనపడింది. ఎవరికో జాకెట్టు గుడ్డ కొలుస్తోంది. కొలిచి, కత్తెర పక్కన పెట్టి, వాళ్ళ నాన్నను పిలిచి కొలిపించింది. ఆయన విసుక్కోకుండా లేచి వచ్చాడు. అలవాటైపోయినట్టుంది. నేను లోపలికి వెళ్ళలేదు.

ఆమె నంబరు నా దగ్గర ఉంది. ఎన్నోసార్లు తీశాను. చెబితే ఆమెకు ఊరటా, లేక కొత్త బాధా? నమ్మిన మనిషే ఇలా చేసిందని తెలియడం, తన మీద తనకు నమ్మకం పోవడం కంటే నయమా? ఇలాంటి ప్రశ్నలు నాకు చాలా సౌకర్యంగా ఉంటాయి. వాటిలో తిరుగుతున్నంత సేపూ ఫోన్ చేయక్కర్లేదు. ఆమె ఏమంటుందో అని భయం. అంతే. ఆమె ‘పర్వాలేదక్కా’ అంటుందేమో అని ఇంకా భయం.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. మీరెవరు క్షమించడానికి, నేనెవరిని అడగడానికి. స్వరూపను ఎందుకు గెస్ట్‌గా పెట్టానో, తెలియకో, ఈర్ష్యతోనో, బావగారి గొడవ పడలేకో, ఇంత రాసినా నాకు తేలలేదు. బహుశా ఎప్పటికీ తేలదు. కానీ ఒకటి మాత్రం రాస్తూ ఉండగా తేటపడింది. ఆమె నన్ను అడిగినప్పుడు నేను ‘కనపడుతోంది’ అన్నది తెలియక కాదు. పూర్తిగా తెలిసే అన్నాను. ఆ రోజు దాకా ఆ మాట ఆమెకు కనపడలేదు. స్వరూప నిజమే చెప్పింది. ఈ వాక్యం ఇప్పటిదాకా నా నోటి నుంచి రాలేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు పైకి చదివాను.

వినాల్సిన మనిషి మాత్రం ఇంకా వినలేదు.