మిరపచేలో అక్క అడిగిన మాట

మా అక్కకు మూడో కాన్పు చాలా కష్టమైంది. బిడ్డ బాగా బరువుంది. భద్రాచలం దవాఖానాలో పగలంతా నొప్పులు పడి కన్నది. తల్లీబిడ్డా క్షేమమన్నారు, మేమంతా సంతోషించాం. ఆ తర్వాత ఆమె బస్సెక్కడం మానేసింది. పెళ్లిళ్లకు పిలిస్తే ఏదో ఒక వంక చెప్పేది. బతుకమ్మ నాడు కూడా ఆటకు లేవకుండా అరుగు మీదే కూర్చుంది. చంటిపిల్లతో అలసిపోయిందనుకున్నాం.

అసలు సంగతి మిరప కోతల్లో బయటపడింది. అప్పుడు నాకు నాలుగో నెల. వాంతులతో తిండి సహించక అక్కింటికి వచ్చి ఉన్నాను. నేను గట్టు మీద కూర్చుని చంటిదాన్ని ఆడిస్తుంటే, చేలో కోస్తున్న అక్కకు పండుమిరప ఘాటుకు దగ్గు తెర వచ్చింది. గబుక్కున కూలబడింది. చీర తడిసింది. పక్క సాళ్లలో కోస్తున్న ఆడవాళ్లు చూసీ చూడనట్టు తలలు వంచుకున్నారు. నేనైతే ఏడుస్తూ ఇంటికి పోయేదాన్ని. అక్క లేచి నిలబడి వాళ్లనే అడిగింది.

"కాన్పు అయినప్పటిసంది నాకు దగ్గినా తుమ్మినా ఉచ్చ పడుతాంది. మీల ఎవరికన్న గిట్ల అయితాందా?"

పక్క గూడెం నుంచి కోతకు వచ్చే పెద్దావిడ బుట్ట కింద పెట్టింది.

"అవ్ బిడ్డా. పెద్దకొడుకు పుట్టినప్పటిసంది నాకు గంతే. ఎవరికి చెప్పుకుంట?"

ఆమె తర్వాత ఇంకో ఇద్దరు నోరు విప్పారు.

ఆ వారమే అక్క వాళ్లందరినీ ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయింది. నేనూ వెళ్లాను. కాన్పులో కింది కండరాలు సాగి వదులైతే ఇలా అవుతుందని, మూత్రం ఆపుకున్నట్టు వాటిని బిగబట్టి వదులుతుంటే బలం వస్తుందని డాక్టరమ్మ చెప్పి నేర్పింది. పెద్దావిడకు మాత్రం గర్భసంచి జారింది, ఆపరేషన్ చేయాలన్నారు. దవాఖానాలో చేర్చిన నాడు ఆమె భయపడితే, అక్క చంటిదాన్ని చంకనేసుకుని ఆమె మంచం పక్కనే ఉండిపోయింది.

అక్కకు తగ్గడానికి నెలలు పట్టింది. పొయ్యి దగ్గర, బిడ్డకు పాలిస్తూ, ఎక్కడ కూర్చున్నా ఆ సాధన చేసేది. ఇప్పటికీ బరువులెత్తితే ఒక్కోసారి చుక్క పడుతుందంటుంది. ఆ మాటా దాచదు.

నా కాన్పయిన మర్నాడు చుట్టాలంతా బిడ్డది ఎవరి పోలికో చూస్తున్నారు. అక్క వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"పిల్లను తర్వాత చూస్త. ముందుగాల నువ్వెట్లున్నవో చెప్పు" అంది.

నేను అన్నీ చెప్పాను.