ఏటవాలున రెండు రాళ్లు

ఇంతవరకు మా అడుగు జారనివ్వని ప్రభువుకు స్తోత్రం.

ఒక రోజు వికారాబాదు నుంచి తాండూరు వెళ్తూ, ఇంజనులో నీళ్లు పోయడానికి అనంతగిరి దిగుడులో మా మిషను పాత కారు ఆపాం. హ్యాండ్‌బ్రేకు వేసినా అది మెల్లగా జారింది. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన పరుగున వచ్చి చక్రం ముందు రాయి పెట్టాడు. మా పానా అడిగి తీసుకుని, కారు కిందికి దూరి బ్రేకు తీగ బిగించాడు. రాయి కాస్త ఎడంగా జరిపి తోసి చూశాం, కదల్లేదు. నేను రాయి తీయబోయాను.

"ఉండనియ్యుండ్రి, అయ్యగారూ."

"బ్రేకు పట్టింది కదా?"

"గా దినం గూడ పట్టిందనే అనుకున్న. నా బిడ్డ బండి ముందట ఆడుకుంటుండె."

వాక్యం చెప్పడమే నా పని. ఆ పూట మాత్రం ఇంకో రాయి తెచ్చి రెండో చక్రం ముందు పెట్టాను. ఆయన దాన్ని చేత్తో కదిపి చూసి తల ఊపాడు.

పేరు అడగలేదు, ప్రభువుకు తెలుసు. ఆ తండ్రి కోసం నాతో కలిసి ప్రార్థించండి.